గట్టు మీదా హైవే మీదా తిరిగే బండికి ఏ షాకబ్జర్లు?

గోదావరి డెల్టాలో ఏ రోడ్డు పట్టుకున్నా కాసేపటికి ఒక వంతెన వస్తుంది. కాలువ మీదో, మురుగు డ్రెయిను మీదో, పంట బోదె తూము మీదో. వంతెన గట్టి పునాదుల మీద నిలబడి ఉంటుంది. దానికి రెండు వైపులా పోసిన మట్టి మాత్రం ఏటా కొంత కుంగుతూ ఉంటుంది, ఒండ్రు నేల స్వభావమే అది. అందుకే అమలాపురం, రాజోలు మధ్యనైనా, పాలకొల్లు, భీమవరం మధ్యనైనా వంతెన ఎక్కే చోట ఒక పల్లం, దిగే చోట ఇంకో పల్లం తగులుతుంటాయి. గంటకి 70 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి అక్కడ ముందు కూర్చుంటుంది, వెంటనే లేస్తుంది, వంతెన దాటాక మళ్ళీ కూర్చుంటుంది. షాకబ్జర్లు సరిగా ఉన్న బండి ఒక్క ఊపుతో సర్దుకుంటుంది. లేని బండి మూడు నాలుగు సార్లు ఊగుతుంది. ఆ ఊగడం ఆగకముందే రోడ్డు మీద సగం వెడల్పున ఆరబోసిన ధాన్యం, దాని అంచున వరసగా పేర్చిన రాళ్ళు ఎదురైతే బ్రేకు తొక్కినా టైర్లు నేలని గట్టిగా పట్టుకోవు. కోత రోజుల్లో ఈ ప్రమాదం ప్రతి ఊరి దగ్గరా పొంచి ఉంటుంది.

నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే ఫోర్ బై ఫోర్ బండికి కొత్త షాకులు వేయించాలనుకునేవాళ్ళు చూసే వీడియోల్లో ఈ పల్లం ఎక్కడా కనిపించదు. ఎడారి ఇసుకలో ఎగిరి పడే ట్రక్కులు, బండరాళ్ళ మీద ఒక చక్రం గాల్లోకి లేపి పాకే జీపులు కనిపిస్తాయి. ఆ బళ్ళ కింద మెరిసే లావుపాటి గొట్టాలు, పక్కన వేలాడే అదనపు నూనె డబ్బాలు, అంటే రిజర్వాయర్లు చూసి అవే కావాలని తెప్పించుకుంటారు. తీరా కొన్ని నెలలకి సీలు దగ్గర నూనె కారడం మొదలవుతుంది, లేదంటే ఇంట్లో పెద్దవాళ్ళు నడుం నొప్పని ఆ బండి ఎక్కడం మానేస్తారు. సరుకులో లోపం లేకపోయినా ఇలా జరుగుతుంది. ఆ షాకు ఏ బరువుని, ఏ నేలని దృష్టిలో పెట్టుకుని తయారైందో అది వేరు, ఇక్కడ దానికి పడే పని వేరు.

మోసేది స్ప్రింగు

ముందుగా తీర్చుకోవాల్సిన అపోహ ఒకటుంది. షాకబ్జరు బరువు మోయదు. రొయ్యల చెరువులున్న రైతు బండి వెనకాల 25 కిలోల మేత బస్తాలు పది వేశారనుకుందాం. 250 కిలోలు. ఒక్కో వైపు స్ప్రింగు మీద 125 కిలోలు అదనంగా పడతాయి. ఆ స్ప్రింగు మిల్లీమీటరుకి 3 కిలోల లెక్కన నొక్కుకునేదైతే బండి వెనక భాగం 40 మిల్లీమీటర్ల పైన దిగుతుంది. వెనక కూర్చుంటోందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే చాలాసార్లు వచ్చే జవాబు, "షాకులు పోయాయండీ, హెవీ డ్యూటీవి వేద్దాం". ఎంత హెవీ డ్యూటీ షాకు వేసినా ఆ 40 మిల్లీమీటర్లు తిరిగి రావు. రావాలంటే స్ప్రింగు మార్చాలి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలే స్ప్రింగుగా ఉండే కమాన్ పట్టీల బండైతే పట్టీ చేర్చాలి, లేదా రోజూ మోయని బరువైతే కాయిల్ స్ప్రింగు లోపల గాలి బెలూన్లు పెట్టించుకోవాలి.

షాకు పని వేరే. నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు దానిలో దాచుకున్న శక్తినంతా ఒక్కసారి వదిలేస్తుంది. ఆపేవాళ్ళు లేకపోతే బండి ఊగుతూనే ఉంటుంది. షాకు లోపల పిస్టను నూనెలో కదులుతుంది. ఆ నూనె సన్నటి దారుల గుండా, పలచటి ఉక్కు బిళ్ళల్ని వంచుకుంటూ పోవాల్సి రావడంతో కదలికకి అడ్డు పడుతుంది. శక్తి వేడిగా మారి గొట్టం గోడల నుంచి గాలిలోకి పోతుంది. షాకు చేసేది ఇంతే. కానీ ఈ అడ్డు ఎంత ఉండాలన్నది స్ప్రింగు గట్టితనాన్ని బట్టి, దాని మీదున్న బరువుని బట్టి మారుతుంది.

లెక్క కష్టమైనది కాదు. కావలసిన అడ్డు స్ప్రింగు గట్టితనాన్నీ, బరువునీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చే సంఖ్యతో పాటు పెరుగుతుంది. పాత స్ప్రింగే ఉంచి బరువు ఒక్కటే 15 శాతం పెరిగితే షాకు బిగువు 7 శాతం పెరిగితే సరిపోతుంది. మామూలు షాకు ఈ మాత్రం తేడాని సర్దుకుంటుంది. స్ప్రింగు గట్టితనం 30 శాతం, బరువు 15 శాతం, రెండూ పెరిగాయంటే మాత్రం బిగువు 22 శాతం దాకా పెరగాలి. గట్టి స్ప్రింగు వేసి కంపెనీ షాకులే ఉంచేసిన బండి వంతెన దిగాక ఊగుతూ పోవడానికి ఇదే కారణం. తిరగేసి చూస్తే, ఏ బరువూ పెంచకుండా, స్ప్రింగు మార్చకుండా, బరువైన బండికి తయారుచేసిన షాకు వేస్తే అడ్డు ఎక్కువైపోతుంది. స్ప్రింగు సాగాలన్నా సాగలేదు. రోడ్డు మీది చిన్న గరుకంతా సీటులోకి వస్తుంది.

కాబట్టి షాపుకి ఫోను చేయక ముందు వెళ్ళాల్సిన చోటు వేబ్రిడ్జి. రైసు మిల్లులు, చేపల ప్యాకింగు షెడ్లు ఉన్న ఈ ప్రాంతంలో వేబ్రిడ్జికి కొదవ లేదు. రోజూ ఎలా తిరుగుతుందో అలాగే, అంటే డీజిలు పోయించి, ఎప్పుడూ ఉండే సామాను ఉంచి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఇంకోసారి తూయించాలి. ఇనుప బంపరు, దిగబడిన బండిని తాడుతో లాగే వించ్ వేయించిన బండికి ముందు వైపు ఎంత బరువు పెరిగిందో అప్పుడు తెలుస్తుంది. మంచి డీలరు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే. ముందు ఎంత, వెనక ఎంత అని అడగకుండా "మీ బండికి ఇదే వేస్తారండీ అందరూ" అనేవారి మాట మీద అంత డబ్బు పెట్టడం తొందరపాటు.

పిస్టను వేగం, బండి వేగం

హైవే మీద గట్టిగా ఉండాలి, గుంతల్లో మెత్తగా ఉండాలి. అందరూ కోరేది ఇదే. రెండూ ఒకే షాకులో ఎలా కుదురుతాయో అర్థం కావాలంటే బండి వేగాన్నీ, షాకు లోపలి పిస్టను వేగాన్నీ విడదీసి చూడాలి. వంతెన దగ్గర పల్లంలో 80 కిలోమీటర్ల వేగంతో దిగినా పిస్టను నెమ్మదిగానే కదులుతుంది, ఎందుకంటే ఆ పల్లం పొడవైనది. బండి శరీరం మొత్తం సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగే కదలిక అది. బ్రేకు వేసినప్పుడు ముక్కు దిగడం, మలుపులో పక్కకి ఒరగడం కూడా ఈ జాతివే. అదే 30 కిలోమీటర్ల వేగంలో చక్రం గుంత అంచుకి కొట్టుకుంటే పిస్టను ఒక్కసారిగా దూసుకుపోతుంది. చక్రం సెకనుకి పది, పదిహేను సార్లు అదిరే కదలిక ఇది.

ఈ రెంటినీ వేరువేరుగా చూసుకునే వాల్వులు ఉంటేనే రోడ్డుకీ గుంతకీ ఒకే షాకు పనికొస్తుంది. నెమ్మది కదలికకి గట్టిగా అడ్డుపడి, వేగం పెరిగాక ఆ అడ్డు పెద్దగా పెరగకుండా వదిలేసే అమరికని డిగ్రెసివ్ వాల్వింగు అంటారు. దీనికి వ్యతిరేకమైనది ప్రోగ్రెసివ్. మొదట్లో వదులుగా ఉండి వేగం పెరిగేకొద్దీ బిగుస్తుంది. ఎగిరి దూకే బళ్ళకి అది కావాలి. మన వంతెనల మీద అది పడవలా తేలుతుంది.

డిగ్రెసివ్ అంటే అన్నిటికీ మందు అనుకోవడానికీ లేదు. వాన కురిసిన మర్నాడు చెరువు గట్టు మీద పడిన ట్రాక్టరు చాళ్ళలో పది కిలోమీటర్ల వేగంతో వెళ్ళేటప్పుడు పిస్టను నెమ్మదిగానే కదులుతుంది. హైవే కోసం బిగించిన ఆ అడ్డే ఇక్కడ శాపమవుతుంది. ఎడమ చక్రం చాలులోకి దిగగానే బండి మొత్తం ఎడమకి విసురుతుంది, తల తలుపుకి తగులుతుంది. రెండు రకాల దారుల మధ్య అసలు తగాదా ఇదే, దీన్ని పూర్తిగా తీర్చే షాకు ఏదీ లేదు. ఎటు మొగ్గాలో ఎంచుకోవాలి. నెలకి 1500 కిలోమీటర్లు తిరిగే బండిలో 1300 తారు రోడ్డు, సిమెంటు రోడ్డు మీదే అయితే, ఆ 1300 కిలోమీటర్ల వైపే మొగ్గడం ఇంటిల్లిపాదికీ క్షేమం. గట్టు మీద వేగం తగ్గించుకోవచ్చు. 216 నంబరు హైవే మీద ఎదురుగా లారీ వస్తున్నప్పుడు బండి ఊగడాన్ని ఏ నేర్పూ తగ్గించలేదు.

రీబౌండు గురించి కూడా ఒక మాట చెప్పాలి. స్ప్రింగు సాగేటప్పుడు షాకు పెట్టే అడ్డు అది. రోడ్డు బళ్ళలో సాధారణంగా నొక్కుకునేటప్పటి అడ్డు కన్నా ఇదే ఎక్కువగా ఉంటుంది. కానీ మితిమీరితే కొత్త చిక్కు వస్తుంది. ఊళ్ళోకి వచ్చే ముందు వరసగా వేసిన చిన్న చిన్న బ్రేకర్ల మీద, అతుకుల తారు మీద చక్రం ఒక దెబ్బ నుంచి కిందికి దిగేలోపే ఇంకో దెబ్బ తగులుతుంది. ప్రతి దెబ్బకీ బండి కాస్త కాస్త కిందికి దిగబడి, చివరికి రబ్బరు స్టాపర్ల మీద కూర్చుంటుంది. "స్ప్రింగులు మెత్తబడ్డాయి" అని మళ్ళీ గట్టివి వేయించేవాళ్ళున్నారు, తప్పు మాత్రం రీబౌండుది.

ఏ రకం గొట్టం

మార్కెట్లో దొరికేవి స్థూలంగా మూడు జాతులు. ట్విన్ ట్యూబులో గొట్టం లోపల ఇంకో గొట్టం ఉంటుంది. పిస్టను లోపలి గొట్టంలో కదులుతుంది, మిగిలిన నూనె బయటి గొట్టంలో చేరుతుంది. పైన కొన్ని బార్ల (ఒత్తిడికి కొలత) ఒత్తిడితో కాస్త నైట్రోజను ఉంటుంది. ఆస్ట్రేలియా సంస్థ ఏఆర్‌బీ అమ్మే ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోచార్జర్ ఈ రకమే. మన దేశంలో చాలా బళ్ళకి షాకులు చేసిచ్చే గాబ్రియేల్ సరుకులో కూడా ఈ జాతివి బాగా ఉంటాయి. దీని బలహీనత ఏమిటంటే ఎక్కువసేపు గట్టిగా పని చేస్తే నూనెలో గ్యాసు కలిసి నురగ అవుతుంది. నురగ అడ్డు పెట్టలేదు కనుక షాకు ఒక్కసారిగా వదులైపోతుంది. ఆ చిక్కుని తప్పించడానికి గ్యాసు బదులు మూసుకుపోయిన గాలి గదులున్న నురుగు పదార్థాన్ని బయటి గొట్టంలో పెడతారు. ఫోమ్ సెల్ అనే పేరుతో ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ లాంటి ఆస్ట్రేలియా సంస్థలు అమ్మేవి ఇవే.

మోనోట్యూబులో గొట్టం ఒకటే. నూనెకీ నైట్రోజనుకీ మధ్య తేలే పిస్టను ఒకటి ఉంటుంది, రెండూ కలిసే అవకాశం లేదు. గ్యాసు ఒత్తిడి 20 నుంచి 30 బార్ల దాకా ఉంటుంది. పిస్టను పెద్దది, గొట్టం గోడ నేరుగా గాలికి తగులుతుంది, అందుకే త్వరగా చల్లబడుతుంది. జర్మనీ సంస్థ బిల్‌స్టీన్ 1950లలోనే ఈ రకాన్ని కార్లకి తెచ్చింది. చేతిలో స్టీరింగు బిగువుగా, బండి చెప్పినట్టు వింటున్నట్టు అనిపించేది దీనితోనే. ఆ ఒత్తిడి వల్ల రాడ్డు ఎప్పుడూ బయటికి తోస్తూ ఉంటుంది. 25 బార్ల ఒత్తిడి, 14 మిల్లీమీటర్ల రాడ్డు అయితే ఆ తోపు 39 కిలోల దగ్గర వస్తుంది. మోనోట్యూబు వేయగానే బండి కొద్దిగా పైకి లేచినట్టు కనిపించడం అందుకే. స్ప్రింగు బలపడిందని దాన్ని చూసి భ్రమపడకూడదు.

మూడోది పక్కన రిజర్వాయరు ఉన్న మోనోట్యూబు. నూనె ఎక్కువ, వేడి తట్టుకునే శక్తి ఎక్కువ, రాడ్డు కదలడానికి చోటు ఎక్కువ. వందల కిలోమీటర్లు అలల్లా గట్టిపడిన మట్టి రోడ్డు మీద గంటలకొద్దీ 80 వేగంతో పోయే చోట, ఆస్ట్రేలియా లోపలి ప్రాంతంలాంటి చోట, అది విలాసం కాదు, అవసరం. గోదావరి డెల్టాలో అలాంటి దారి ఏది? లంకల్లో ఇసుక బాట రెండు మూడు కిలోమీటర్లు. అంతర్వేది, ఓడలరేవు తీరంలో తడి ఇసుక ఇంకొంచెం. చెరువు గట్ల మీద వేగం పది, పదిహేను. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు ఎక్కించేటప్పుడైతే నడక వేగమే. ఎక్కడా షాకు నూనె మరిగేంత పని పడదు. వారాంతంలో రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కినా అక్కడ కావలసింది ఒరగకుండా నిలబడే బిగువు. రిజర్వాయరు చేసే చల్లదనం కోసం ఇక్కడ రెండింతల డబ్బు పోయడం అర్థం లేని ఖర్చు.

డెల్టా షాకుల్ని చంపేది వేడి కాదు. ఉప్పు, ఒండ్రు.

ఈ సంగతి ఎంపికలో అన్నిటికన్నా ముందు నిలబడాలి. రాడ్డు అద్దంలా నున్నగా ఉన్నంతవరకే సీలు నూనెని పట్టి ఉంచుతుంది. చెరువు గట్టు బురద రాడ్డు మీద ఎండి అతుక్కుంటే, తర్వాత కదలికలో ఆ పొడి సీలు పెదవి కిందికి పోయి గీస్తుంది. రొయ్యల చెరువుల ఉప్పు నీళ్ళు, సముద్రపు గాలి రాడ్డు పైపూతలో సూదిమొనంత గుంటలు పెడతాయి. ట్విన్ ట్యూబులో ఒత్తిడి తక్కువ కనుక ఆ గుంట వల్ల నెమ్మదిగా చెమ్మ పడుతుంది, చాలా రోజులు బండి నడుస్తుంది. మోనోట్యూబులో ఒత్తిడి ఎక్కువ కనుక కారడం మొదలైతే తొందరగా ముదురుతుంది, గ్యాసు ఒత్తిడి పడిపోయాక పనితీరు అమాంతం దిగజారుతుంది. మోనోట్యూబుకి రాళ్ళ దెబ్బ భయం కూడా ఉంటుంది, పిస్టను బయటి గోడని రాసుకుంటూ కదులుతుంది కనుక చిన్న సొట్ట పడినా ఇరుక్కుంటుంది. దారిలో రాళ్ళు పెద్దగా లేని డెల్టాలో ఆ భయం తక్కువ, మారేడుమిల్లి వాగుల్లోకి దిగేవాళ్ళకి మాత్రం ఉంటుంది.

బాగుచేయించుకోవచ్చు కదా అనే మాట వస్తుంది. మోనోట్యూబుల్లో కొన్నిటిని విప్పి సీళ్ళు, నూనె మార్చి మళ్ళీ నింపవచ్చు. కానీ నింపడానికి 20 బార్ల పైన ఒత్తిడితో నైట్రోజను ఎక్కించే సాధనం, కొలిచే గేజీ, ఆ పని తెలిసిన చెయ్యి కావాలి. పెట్రోలు బంకులో టైర్లకి పట్టే నైట్రోజను దీనికి చాలదు. దగ్గర్లో అలాంటి పనివాళ్ళు ఉన్నారో లేదో, లేకపోతే పార్సిలు వేసి తెప్పించుకునేదాకా బండి ఎన్నాళ్ళు ఆగాలో కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. రాడ్డుకి రబ్బరు తొడుగు ఉందా, ఆ తొడుగు విడిగా దొరుకుతుందా అన్న ప్రశ్న కూడా అప్పుడే వేయాలి. తొడుగు చౌక వస్తువు. ఈ నేల మీద షాకు ఆయుష్షు దాని మీదే ఆధారపడుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే, వారం అంతా తారు మీద, ఆదివారం గట్టు మీద తిరిగే డెల్టా బండికి బరువుకి తగ్గట్టు ఎంచిన మంచి ట్విన్ ట్యూబు లేదా ఫోమ్ సెల్ సరైన సరుకు. నెలకి రెండు మూడు సార్లు హైదరాబాదు వెళ్ళొచ్చేవాళ్ళు, అమలాపురం నుంచి అది నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే కనుక, మోనోట్యూబు వైపు చూడటంలో న్యాయం ఉంది. అప్పుడు రాడ్డు శుభ్రత విషయంలో రెట్టింపు జాగ్రత్త పడక తప్పదు.

మర తిప్పి బిగువు మార్చుకునే షాకుల సంగతి వేరు. ర్యాంచో ఆర్‌ఎస్9000ఎక్స్‌ఎల్ లాంటి వాటికి తొమ్మిది మెట్లు ఉంటాయి. కొన్న కొత్తలో రోజూ తిప్పి, తర్వాత మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. నిజంగా లాభపడేది ఉదయం 250 కిలోల మేత వేసుకుని వెళ్ళి సాయంత్రం ఖాళీగా వచ్చే బండి. వెనక రెండూ బరువున్నప్పుడు రెండు మెట్లు బిగించి, దించాక వదులు చేస్తే తేడా ఒంటికి తెలుస్తుంది. ఉప్పు బురదలో ఆ మర బిగుసుకుపోకుండా నెలకోసారైనా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతుండాలి.

ఏ బండి కింద ఏముందో

2020 అక్టోబరులో వచ్చిన మహీంద్రా థార్‌కి ముందు వైపు విడివిడిగా కదిలే చక్రాలు, ఒక్కో చక్రాన్ని రెండు చేతులతో పట్టే డబుల్ విష్‌బోన్ అమరిక. షాకు చుట్టూనే స్ప్రింగు ఉంటుంది. వెనక రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు, అంటే రిజిడ్ యాక్సిలు, కాయిల్ స్ప్రింగులు. ముందు షాకు విప్పాలంటే స్ప్రింగుని నొక్కి పట్టే సాధనం ఉండాలి. తాళ్ళతో, లాకులతో కట్టి విప్పే ప్రయత్నం ప్రాణం మీదికి తెస్తుంది, అలాంటి షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోవడమే మేలు. 2023లో వచ్చిన ఐదు తలుపుల మారుతి జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్ళు, షాకు, స్ప్రింగు వేరువేరు. కాబట్టి ఒకటి మార్చి ఇంకొకటి ఉంచడం తేలిక. బండి తేలిక కూడా, దీనికి థార్ కోసం చేసిన బిగువు పనికిరాదు.

జిప్సీ కథ ఇంకో రకం. నాలుగు వైపులా కమాన్ పట్టీలే. పట్టీ మీద పట్టీ రాసుకునే రాపిడి కూడా ఊపుని ఆపుతుంది, అంటే షాకు పని కొంత పట్టీలే చేస్తాయి. తుప్పు పట్టిన కమాన్ల మీద గట్టి షాకులు వేసి "కొత్తవి వేసినా ఎద్దుబండిలా ఉంది" అని బాధపడే జిప్సీ యజమానులు ముందు పట్టీలు విప్పించి, తుప్పు గీకించి, బుష్‌లు మార్పించి చూడాలి. వెనక కమాన్ పట్టీలున్న బొలెరోకీ ఇదే వర్తిస్తుంది. డెల్టా ఉప్పుగాలికి పట్టీల మధ్య తుప్పు చేరడం మామూలే.

షాకులు పోయాయో లేదో తేల్చుకోకుండా మార్చేయడం కూడా జరుగుతుంటుంది. బానెట్టు మూల పట్టి నొక్కి చూసే పాత పద్ధతి ఇలాంటి బరువైన బళ్ళ మీద నమ్మదగ్గది కాదు. టైరు చుట్టూ చేయి తిప్పినప్పుడు అక్కడక్కడా గిన్నెల్లా అరిగి తగలడం, వంతెన దిగాక రెండోసారి, మూడోసారి ఊగడం, గొట్టం పొడవునా తడి నూనె కారి దుమ్ము పట్టి ఉండటం, ఇవి గట్టి ఆనవాళ్ళు. పైన సన్నగా చెమ్మ మాత్రమే ఉంటే కంగారు పడక్కర్లేదు. అన్నిటికన్నా ముందు టైర్లలో గాలి చూసుకోవాలి. బీచి ఇసుక కోసం 16, 18 పీఎస్‌ఐకి దించిన గాలిని తిరిగి పట్టించడం మరిచి, బండి తేలుతోందని షాకుల మీద అనుమానపడిన సందర్భాలు తక్కువేం కాదు. అటు గాలి మరీ ఎక్కువ పట్టిస్తే ఎంత మెత్తటి షాకూ మెత్తగా అనిపించదు.

ఎత్తు పెంచడం

షాకులతో పాటు బండిని రెండు అంగుళాలు లేపించడం ఒక ఆనవాయితీగా మారింది. గట్టు మీద బండి పొట్ట ఆనకుండా అది కొంత ఉపయోగమే. కానీ డెల్టాలో ఎత్తుకి ఇంకో కోణం ఉంది. కాలువ గట్టు రోడ్డు మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఎడమ చక్రాలు రోడ్డు పక్క మట్టి అంచు, అంటే బెర్ము మీదికి దించక తప్పదు. ఆ పక్కనే నిండుగా కాలువ. బండి బరువు కేంద్రం ఎంత పైకి వెళ్తే, తడి మట్టి మీద ఆ వాలు అంత భయపెడుతుంది. థార్ నేల నుంచి ఎత్తు కంపెనీ ఇచ్చినప్పుడే 226 మిల్లీమీటర్లు, జిమ్నీది 210. చెరువు గట్ల మీద తిరగడానికి ఇవి చాలు. బురదలో దిగబడిన బండిని బయటికి తెచ్చేది మంచి టైరు, సరైన గాలి. రెండు అంగుళాల ఎత్తు ఆ పని చేయదు.

ఎత్తు పెంచినవాళ్ళకి షాకు పొడవు తప్పనిసరి లెక్క. యాక్సిలు పూర్తిగా వేలాడినప్పుడు షాకే ముందుగా ఆఖరికి సాగి ఆగిపోతుంటే ప్రతి గుంతలో లోపలి పిస్టను పైమూతకి కొట్టుకుంటుంది. మరీ పొడవైనది వేస్తే బండి పూర్తిగా నొక్కుకున్నప్పుడు రబ్బరు స్టాపరు తగలకముందే షాకు అడుక్కి తన్ని, దాని బిగింపే ఛాసిస్ నుంచి ఊడివస్తుంది. జాకీ మీద యాక్సిలు వేలాడదీసి ఒకసారి, స్టాపరు తగిలేదాకా నొక్కి ఇంకోసారి, పై బోల్టు నుంచి కింది బోల్టుకి కొలిచి ఆ రెండు అంకెల మధ్య ఇమిడే షాకునే తీసుకోవాలి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ చాలుతున్నాయో లేదో కూడా అప్పుడే కనిపిస్తుంది. ముందు వైపు విడివిడి చక్రాలున్న థార్‌లో ఎత్తు పెరిగేకొద్దీ డ్రైవ్ షాఫ్టు కీళ్ళు వంకరగా తిరుగుతూ త్వరగా అరుగుతాయి.

చట్టం సంగతి కూడా తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలోని వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కంపెనీ ఎత్తుని, కొలతల్ని అలాగే ఉంచి షాకు మాత్రమే మార్చినవాళ్ళ పరిస్థితికీ, బండిని లేపి పెద్ద టైర్లు వేయించినవాళ్ళ పరిస్థితికీ చాలా తేడా ఉంది. వారంటీలో ఉన్న బండైతే సస్పెన్షను క్లెయిములు తోసిపుచ్చే అవకాశం ఉంది కనుక, ముందే సర్వీసు సెంటరులో రాతపూర్వకంగా అడగడం మంచిది.

బిగించేటప్పుడూ, ఆ తర్వాతా

జతగా మార్చాలి, ముందు రెండూ లేదా వెనక రెండూ. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉన్న బండి గట్టి బ్రేకులో పక్కకి లాగుతుంది. బుష్ బోల్టులు చివరి బిగింపు బండిని నేల మీద నిలబెట్టాకే చేయాలి. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు బుష్ మెలిపడి ఉండిపోతుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. చాలా షెడ్లలో తొందరలో జరిగే పొరపాటు ఇదే, పక్కన నిలబడి అడిగి చేయించుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. ఎత్తు ఏమాత్రం మారినా వీల్ అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల దిశ సరిచూడాలి. రాత్రి పూట ఇరుకు రోడ్డు మీద ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టే లైటు కాలువ పక్కన ఎంత ప్రమాదమో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టులూ ఒకసారి మళ్ళీ చూపించాలి.

అంతర్వేది ఇసుక నుంచో, రొయ్యల చెరువు గట్టు నుంచో తిరిగొచ్చిన రోజు బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో వాటితో కడిగి లాభం లేదు, కాలువ నీళ్ళో మంచినీళ్ళో కావాలి. ప్రెషరు గన్ను సీలు మీదికి నేరుగా కొట్టకూడదు, ఆ ఒత్తిడికి బురద లోపలికే పోతుంది. రబ్బరు తొడుగు పైకి జరిపి, మామూలు పైపు ధారతో రాడ్డు తడిపి, బురద నానాక మెత్తటి గుడ్డతో తుడిచి, తొడుగు అడుగున నిలిచిన నీళ్ళు వంచేసి తిరిగి కిందికి దించాలి. నాలుగు చక్రాలకీ కలిపి పావుగంట పని.